రంగుల మర్నాడు గొర్రెలకు కత్తెర

మార్చి 13, గురువారం: మంజీర అవతల

బోధన్ నుంచి సాలూర దాటి మంజీర వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా, బిలోలి తాలూకా. మార్చి కదా, నది సన్నబడిపోయి ఇసుకే ఎక్కువ కనిపిస్తోంది. మా బడిలో నాతోపాటు పాఠాలు చెప్పే అక్క పుట్టిల్లు ఈ వైపే, కుండల్‌వాడి దగ్గర ఒక చిన్న ఊరు. వాళ్లు కురుమలు, తాతల నాటి నుంచి నల్ల గొర్రెల్నే నమ్ముకుని ఉన్నారు. "హోళీ అయిన మర్నాడు కత్తెర పడ్తది, వచ్చి చూడు" అని అక్క ఎప్పటి నుంచో అంటోంది. ఈసారి సెలవులు కలిసొచ్చాయి.

బిలోలి నుంచి కుండల్‌వాడి వైపు షేరింగ్ ఆటోలో మనిషికి 40 రూపాయలు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫోన్‌లో మరాఠీ మాట్లాడి, అది పెట్టేసి, "ఏ ఊరు బిడ్డా?" అని తెలుగులో అడిగాడు. నిజామాబాద్ అనగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ల చెల్లెల్ని జుక్కల్ దగ్గర ఇచ్చారట. 1956 నవంబర్ 1కి ముందు జుక్కల్, బిచ్కుంద, ముధోల్, భైంసా అన్నీ ఈ నాందేడ్ జిల్లాలోవే. హైదరాబాద్ రాష్ట్రాన్ని ముక్కలు చేసినప్పుడు అవి తెలుగు వైపు వచ్చాయి, ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజూరా అటు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. "గీత గీసినోళ్లు గీసిండ్రు, పెండ్లిళ్లు ఆగలే" అన్నాడాయన. దిగేటప్పుడు నా ఆటో డబ్బులు కూడా ఇవ్వబోతే బతిమాలి ఆపాల్సి వచ్చింది.

ఇంటికి చేరేసరికి పొయ్యి మీద శనగపప్పు ఉడుకుతోంది. హోళీ సాయంత్రం అక్కడ పోలెలు (బొబ్బట్లు) చేయని ఇల్లు ఉండదు. వదిన (అక్క తమ్ముడి భార్య) బెల్లం, యాలకులు, కాస్త జాజికాయ వేసి పూర్ణం నూరుతుంటే అవ్వ పక్కన కూర్చుని చింతపండు కొట్టి గింజలు వేరు చేస్తోంది. గింజల్ని పారేయకుండా ఒక డబ్బాలో పోస్తుంటే ఎందుకని అడిగాను. "గొంగడికి పెట్టాలె" అంది, అంతకు మించి చెప్పలేదు. నాకు అర్థం కావడానికి ఆదివారం దాకా పట్టింది.

మంద ఇంటి దగ్గర లేదు. శనగ కోసిన చేలల్లో మేపుతూ, రాత్రిళ్లు ఎవరి చేనులో అయితే వాళ్ల చేనులో పడుకోబెడతారు. ఎరువు కోసం రైతులే పిలుచుకుంటారు. ఈ మందకు రాత్రికి 250 రూపాయలు ఇస్తున్నారట, ఇంతకుముందు జొన్నలు కొలిచేవాళ్లు. బాపు (అక్క వాళ్ల నాన్నను నేనూ అలాగే పిలిచాను) సాయంత్రం మంద దగ్గరే ఉంటాడు కాబట్టి ఆయనకు పోలెలు పట్టుకుని, మనవణ్ని తోడు తీసుకుని బయల్దేరాం. పిల్లాడు ఆరో తరగతి, ధీమాగా కాలువ గట్టు పట్టించాడు. గట్టు వెంబడి చాలాసేపు నడిచాక ఒక మోటారు షెడ్డు దగ్గర దారి ఆగిపోయింది. మంద పొద్దుననే చేను మారింది, వాడు బడికి వెళ్లాడు కాబట్టి వాడికి ఆ సంగతి తెలియదు. షెడ్డు దగ్గర ఉన్న రైతు మరాఠీలో ఏదో చెప్పి, మాకు అర్థం కాలేదనుకున్నాడో ఏమో, తన పని వదిలేసి మోదుగు చెట్ల వరుస దాకా తనే వచ్చి దారి చూపించాడు. ఆ చెట్లకు ఒక్క ఆకు లేదు, నిండా పూలే. దారి తప్పడం వల్లే ఆ వరుస చూశాను, అందుకు పిల్లాడికి ఒక పోలె ఎక్కువే ఇవ్వాలి, ఇచ్చాను.

మేం చేరిన సమయం మంచిది. తల్లి గొర్రెలు మేత నుంచి తిరిగొచ్చే వేళ. నెలా రెండు నెలల పిల్లలు ఒక వలలో ఉన్నాయి, మరీ పసివి వెదురు గంపల కింద. బాపు వల తీయగానే మొదలైన అరుపులు మాటల్లో చెప్పలేను. ఒక్కో పిల్ల తల్లి కోసం అరుస్తుంది, ఒక్కో తల్లి పిల్ల కోసం అరుస్తుంది, ఆ గోలలో ఎవరి గొంతు వాళ్లకు తెలుస్తుంది. తప్పు తల్లి దగ్గరికి వెళ్లిన పిల్లను ఆ తల్లి ఒకసారి వాసన చూసి నెట్టేస్తుంది. కాసేపటికి అరుపులన్నీ ఆగిపోయి, తోకలు ఆడిస్తూ పాలు తాగే చప్పుడు మాత్రమే మిగిలింది.

రాత్రి ఊళ్లో హోళీ మంట. పిడకలు, ఎండు కొమ్మలు పేర్చి, చుట్టూ నీళ్లు పోసి, మంటలో కొబ్బరికాయ, పోలె వేస్తారు. మరాఠీ పిల్లలు నోటి మీద చెయ్యి పెట్టుకుని కేకలు వేస్తుంటే మన పిల్లలు జాజిరి పాటలు పాడుతూ ఆడుతున్నారు, ఒకే మంట చుట్టూ. చిన్నవాళ్ల మెడలో చక్కెర పేర్లు, అంటే చక్కెర బిళ్లల దండలు. మా నిజామాబాద్‌లోనూ ఇవే వేస్తారు. నాకూ ఒక దండ తెచ్చి వేశారు, చీమలు పట్టేదాకా తీయకూడదట.

మార్చి 14, శుక్రవారం: మడుగులో గొర్రెల స్నానం

పొద్దున్నే రంగులు. మొహాలు కనపడనంతగా పూసుకున్నాక మగవాళ్లంతా మందను తోలుకుని మంజీర మడుగుకు బయల్దేరారు. కత్తెరకు ముందురోజు గొర్రెలను కడగాలి. బొచ్చులో మట్టి, పల్లేరు కాయలు, పేడ ఉంటే కత్తెర మొద్దుబారిపోతుంది, బొచ్చుకూ విలువ ఉండదు. కడిగిన తర్వాత ఒక పగలు, ఒక రాత్రి ఆరాలి. తడి మీద కత్తెర పెడితే చుట్టలు కడుతుంది, మూటలో కుళ్లుతుంది.

ఈ రోజుల్నే ఎందుకు ఎంచుకుంటారని అడిగితే బాపు నవ్వి, "శివరాత్రికి చలి శివశివా అని పోయింది గదా" అన్నాడు. చలిలో బొచ్చు తీస్తే గొర్రె వణికి నిమ్ము పట్టి చస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఏప్రిల్ ఎండలో ఒంటి మీద బొచ్చుతో మేత ముట్టదు. అందుకని చలి పోయి ఎండ ముదరకముందే, అంటే హోళీకీ ఉగాదికీ మధ్య. మళ్లీ వానలు వెనకపట్టాక దసరా ముందు రెండోసారి.

మడుగులో నడుం లోతు నీళ్లలో ముగ్గురు నిలబడ్డారు. ఒడ్డు మీది నుంచి ఇద్దరు గొర్రెను పట్టి దింపుతారు, నీళ్లలో ఉన్నవాళ్లు ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ వీపు, పొట్ట, తొడల మధ్య చేతులతో పిసికి పిసికి కడుగుతారు. సబ్బు, షాంపూ ఏమీ లేవు. తల మాత్రం నీళ్లలో మునగనివ్వరు, ఎప్పుడూ ఒక చెయ్యి గదుమ కిందే ఉంటుంది. మొదటి గొర్రెను దించడం కష్టం, అది దిగితే వెనకవి దిగుతాయి. బాపు పొట్టేలును కొమ్ములు పట్టుకుని ముందు తనే దించాడు. గొర్రెల మురికితోపాటు మనుషుల మొహాల మీది రంగులూ కరిగి, మడుగు అంచున నీళ్లు కాసేపు గులాబీగా తిరిగాయి.

ఒడ్డు ఎక్కిన గొర్రెలు ఒళ్లు విదిలించుకుంటుంటే నేనూ సగం తడిశాను. తడిసిన నల్ల బొచ్చు ఒంటికి అతుక్కుపోయాక వాటి అసలు సైజు తెలిసింది, ఎంత బక్కవో. దక్కనీ గొర్రె అంతే. మాంసం తక్కువ, కాళ్లు గట్టి. ఎండిన చేనులో దొరికిన దాంతో బతుకుతుంది, రోజంతా నడుస్తుంది.

మధ్యాహ్నం తిండి ఒడ్డు మీదే. జొన్న రొట్టె, పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచిన ఠేచా, పిట్ల, ఉల్లిగడ్డ. పిట్ల అంటే శనగపిండి ఉడకబెట్టిన కూర, మన వైపు అంత చిక్కగా చేయరు. ఠేచా కొంచెం తిన్నానో లేదో కళ్లల్లో నీళ్లు. పక్కన కూర్చున్న మరాఠీ ఆయన ఏమీ మాట్లాడకుండా తన మజ్జిగ చెంబు నా ముందుకు జరిపాడు. ఆ ఊళ్లో మర్యాద ఇలాగే ఉంది. అడగరు, తెచ్చి పెడతారు. నీళ్లు కూడా నేను తాగడం అయ్యేదాకా నిలబడి, చెంబు తీసుకుని వెళ్లేవాళ్లు.

మార్చి 15, శనివారం: కత్తెర

ఆరింటికి కత్తెరవాళ్లు వచ్చారు, పక్క ఊరి నుంచి ఐదుగురు, వీళ్ల చుట్టాలే. జీవానికి 20 రూపాయలు, మధ్యాహ్నం మాంసం భోజనం, రెండుసార్లు చాయ్. ఎవరి కత్తెర వాళ్లే తెచ్చుకున్నారు. ఊరి కమ్మరి చేసిన ఇనుప కత్తెరలు, అలుగులు జానెడు కంటే పొడుగు. వాటిని సానరాతి మీద నూరుతుంటే ఆ చప్పుడుకు మందంతా చెవులు నిక్కించింది.

వేపచెట్టు కింద టార్పాలిన్ పరిచారు. బాపు కత్తెరలన్నీ ఒకచోట పెట్టి మల్లన్న పేరు, బీరప్ప పేరు చెప్పి బండారి (పసుపు) చల్లాడు, తర్వాత మొదటి గొర్రె నొసటన ఇంత పూశాడు. మరాఠీవాళ్లు "యేళ్‌కోట్ యేళ్‌కోట్ జై మల్హార్" అన్నారు. అదే పసుపు, అదే దేవుడు.

ఒక గొర్రెను మొదటి నుంచి చివరి దాకా దగ్గర కూర్చుని చూశాను. కత్తెర ఆయనకు యాభై పైబడి ఉంటాయి. గొర్రెను ముందుకాళ్లు పట్టి ఒక్క తిప్పుతో పక్కకు పడుకోబెట్టాడు, మూడు కాళ్లు కలిపి మెత్తటి తాడుతో కట్టాడు, తలను తన మోకాలి కింద నొక్కకుండా ఆనించాడు. గొర్రె రెండుసార్లు గింజుకుని ఊరుకుంది. ముందు పొట్ట. అక్కడ చర్మం పల్చన, ముడతలు, పొదుగు దగ్గరగా ఉంటుంది. ఎడమచేత్తో చర్మాన్ని లాగి బిగించి, ఆ బిగువు మీదే కుడిచేత్తో కత్తెర నడిపించాడు. చర్మం వదులుగా ఉంటేనే తెగుతుందట, బిగిస్తే కత్తెర జారిపోతుందట. పొట్ట నుంచి పక్కటెముకల మీదికి, అక్కడి నుంచి వీపు గాడి దాకా. బొచ్చు పొరలు పొరలుగా విడిపోతోంది. పైన ఎండకు గోధుమరంగు తిరిగిన కొసలు, లోపల నిగనిగలాడే నలుపు, దాని కింద బూడిదరంగు చర్మం. చర్మం మీద అక్కడక్కడ పిడుదులు. వాటిని ఆయన కత్తెర కొనతో తీసి పక్కనున్న కిరోసిన్ డబ్బాలో వేస్తున్నాడు, పని ఆపకుండానే. ఒక పక్క అయ్యాక తిప్పి రెండో పక్క, చివర్న మెడ. మెడ దగ్గర ఆయన మాట్లాడటం ఆపేశాడు, కత్తెర చప్పుడు కూడా నెమ్మదించింది. మొత్తం పది, పన్నెండు నిమిషాలు. తాడు విప్పగానే గొర్రె లేచి, రెండడుగులు తడబడి, ఒక్క ఉరుకు ఉరికింది. ఒంటి నిండా కత్తెర గీతలు దున్నిన చేను సాళ్లలా కనిపించాయి.

ఎక్కడైనా గీరుకుంటే పసుపు కలిపిన వేపనూనె రాస్తున్నారు, కాస్త పెద్ద గాటుకు మందుల షాపులో తెచ్చిన ఊదారంగు స్ప్రే. పొద్దంతా చూస్తే స్ప్రే వాడింది నాలుగైదు గొర్రెలకే. సూడి గొర్రెలను కట్టకుండా, ఇద్దరు పట్టుకుంటే కూర్చోబెట్టి కత్తిరించారు. నెలలు దగ్గరపడ్డవాటిని అసలు ముట్టుకోలేదు. పొట్టేలుకు మెడ మీద ఒక కుచ్చు వదిలేశారు, అది మల్లన్నది.

కత్తెర పని అంతా మగవాళ్లదే. కానీ బొచ్చుతో ఏం చేయాలన్నది ఆడవాళ్ల చేతుల్లో ఉంది. అవ్వ, వదిన, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చాప మీద కూర్చుని వచ్చిన బొచ్చును వచ్చినట్టే ఏరుతున్నారు. పొట్ట కింది పొట్టి బొచ్చు ఒక కుప్ప, వీపు మీది పొడుగుది ఇంకో కుప్ప, మచ్చల గొర్రెల తెలుపు వేరే. మొదటిసారి కత్తెర పడ్డ పిల్లల బొచ్చు అవ్వ ఒడిలో ప్రత్యేకంగా. నన్ను ముట్టుకోమంది. పెద్ద గొర్రెల బొచ్చు చేతికి గరుకుగా ఉంది, ఇది పట్టులా జారింది. చేతులకు జిడ్డు అంటుకుని సాయంత్రం దాకా పోలేదు, గొర్రె వాసన మర్నాటి దాకా పోలేదు. నాకు ఇబ్బంది అనిపించలేదు.

అసలు చూడాల్సింది కత్తెర పడ్డ తల్లుల్ని పిల్లల దగ్గర వదిలినప్పుడు. పిల్లలు పరుగున వచ్చి ఆగిపోయాయి. రెండు రోజుల కింద ఒక్క అరుపుకే తల్లిని పట్టేసిన పిల్లలు ఇప్పుడు ఎదురుగా నిలబడి చూస్తున్నాయి. తల్లి గొంతు వినపడుతోంది గానీ కనపడే ఆకారం తల్లిది కాదు. ఒక పిల్ల అయితే తల్లి పిలిచిన కొద్దీ వెనక్కి వెనక్కి పోయింది. తల్లే వెళ్లి దాని తోక దగ్గర వాసన చూసి, నిలబడి, పొదుగు దానివైపు తిప్పింది. అప్పుడు తాగింది. బాపు ఇవన్నీ ప్రతి ఏడూ చూస్తాడు కదా, అయినా చుట్ట ఆరిపోయింది కూడా చూసుకోకుండా అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి 74 గొర్రెలు అయ్యాయి. పొట్టేలు మాంసం, బోటి కూర, జొన్న రొట్టెలు. కత్తెరవాళ్లు తినేదాకా ఇంటివాళ్లు కూర్చోలేదు. తినేటప్పుడు అన్న (అక్క తమ్ముడు, వయసులో నాకన్నా పెద్ద) ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఏదో దేశంలో ఒక కుటుంబం అల్పాకాలను పెంచుతోంది. పొడుగు మెడ, కళ్ల మీదికి జుట్టు. ముందు కాళ్లు ఒకవైపు, వెనక కాళ్లు ఒకవైపు తాళ్లతో సాగదీసి, కరెంటు మిషన్‌తో నిమిషాల్లో గొరిగేశారు. అవి ఒంటె జాతివి, పెరూ కొండల్లో ఎక్కువ, ఏడాదికి ఒక్కసారే, వాళ్ల వసంతంలో, బొచ్చు తీస్తారు. మన గొర్రె బొచ్చు కన్నా చాలా మెత్తన, జిడ్డు కూడా తక్కువ. బాపు రెండుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు. "కిలకు ఎంతొస్తదట?" అని మాత్రం అడిగాడు. అన్న చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ సాయంత్రం లెక్క చూసినప్పుడు తెలిసింది.

74 గొర్రెలకు వచ్చిన బొచ్చు 30 కిలోల చిల్లర. కొనేవాడు ఈసారి కిలోకు 10 రూపాయలు అంటున్నాడట. మొత్తం అమ్మితే 300. కత్తెర కూలి 1480. భోజనం ఖర్చు, ఇంటిల్లిపాది పని వేరు. అంటే బొచ్చు కోసం కాదు, గొర్రె బతకడం కోసం బొచ్చు తీయిస్తున్నారు. అన్న వాదన ఇదే. సాలూర అవతల ఉన్న మేనబావకు తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. అవి బొచ్చు లేని జాతి, కత్తెర అక్కర్లేదు, బరువూ ఎక్కువ తూగుతాయి. "మనం కూడా ఒక నెల్లూరు పొట్టేలును దింపుదాం" అంటాడు అన్న. బాపు ఒప్పుకోడు. వాన మూడు రోజులు వదలకుండా కొడితే, రేగడిలో మోకాలి లోతు బురదలో, ఆ గొర్రెలు కూలబడతాయి, ఇవి నడుస్తాయి అంటాడు. ఇద్దరూ గొంతు పెంచలేదు, కానీ ఎవరూ తగ్గలేదు. పిల్లల్ని కాలేజీలో చదివించాల్సిన తండ్రిగా అన్న మాట కొట్టిపారేయలేం. అయినా బాపు పక్షానే నా మనసు ఉంది. ఒకసారి ఈ మందలో బొచ్చు లేని పొట్టేలు దిగితే నాలుగైదు ఈతల్లో నల్ల గొర్రె మిగలదు, తర్వాత కావాలన్నా ఎక్కడి నుంచి తెస్తాం?

మార్చి 16, ఆదివారం: అవ్వ కదురు, మగ్గం, ధర్మాబాద్

పొద్దున చాయ్ తాగుతుంటే మినీ ట్రక్కులో కొనేవాడు వచ్చాడు. మూట విప్పి ఒక పిడికెడు లాగి, ఇది ముతక, బట్టకు పనికిరాదు, తివాచీల అడుగుకు పోవాల్సిందే అన్నాడు. 10 నుంచి 8కి దిగాడు. అన్న ఇచ్చేయబోయాడు. అవ్వ లేచి, ఏరి పెట్టిన నల్ల బొచ్చు, పిల్లల బొచ్చు రెండూ ఇంట్లో పెట్టించి, మిగిలింది తీసుకెళ్లమంది. వాడు అదే కావాలన్నాడు. "అది అమ్మేది కాదు" అంది, బేరం అక్కడితో అయిపోయింది. మిగిలిన దాంట్లో వచ్చిన డబ్బు రెండు వందలు లేదు.

ఆ తర్వాత అవ్వ నాకోసం కదురు తీసింది. ముందు వింటితో ఏకాలి. నారి మీద కొడుతుంటే బొచ్చు విడిపోయి, దుమ్ము రాలి, ఉబ్బుతుంది. దాన్ని చుట్టలుగా చుట్టుకుని, ఒక్కో చుట్ట నుంచి ఎడమచేత్తో సన్నగా లాగుతూ కుడిచేత్తో కదురు తిప్పుతుంది. ఆమె చూపు నూలు మీద లేదు, నా మీదే ఉంది, కబుర్లు చెబుతూనే ఉంది. దారం మందం మాత్రం ఎక్కడా మారలేదు. నా చేతికి ఇస్తే రెండు జానలు వచ్చేలోపు తెగింది. ఒక గొంగడికి పది పన్నెండు గొర్రెల బొచ్చు కావాలి, తనొక్కతే వడికితే నెల పడుతుంది అని చెప్పింది. ఊళ్లో ఇప్పుడు వడికేవాళ్లు ముగ్గురే, ముగ్గురూ ముసలివాళ్లే. వదినకు వచ్చు గానీ కూలికి పోతే రోజుకు 300 వస్తాయి, వడికితే ఏం వస్తుంది?

నేసే ఆయన రెండు ఊళ్ల అవతల. అన్న బండి మీద తీసుకెళ్లాడు. ఇంట్లో నేలలో తవ్విన గుంట మగ్గం, గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తాడు. బయట చెట్ల మధ్య పడుగు (నిలువు దారాలు) సాగదీసి ఉంది, ఆయన భార్య కుంచెతో దాని మీద చిక్కటి జావ పూస్తోంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జావ అది. దీంతో నూలుకు బిగువొస్తుంది, మగ్గం మీద తెగదు, గొంగడి గట్టిగా నిలబడుతుంది. గురువారం అవ్వ డబ్బాలో పోసిన గింజలు ఇక్కడికే వస్తాయి. చింతపండు కొట్టే కాలమూ, కత్తెర కాలమూ ఒకటే కావడం ఎంత బాగుందో.

గొంగడి ధర 3500 చెప్పాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. పానిపట్ నుంచి వచ్చే పాత బట్టల నూలు రగ్గు 400కే దొరుకుతుంది కదా అంటారు, నిజమే. కానీ ఈ 3500లో కడిగినవాళ్లు, కత్తిరించినవాళ్లు, ఏరినవాళ్లు, వడికిన అవ్వ, నేసినాయన ఇంతమంది ఉన్నారు. విడివిడిగా పంచుకుంటే ఏ ఒక్కరికీ సరైన కూలి గిట్టదు. నాకు తెలిసినవాళ్లలో కనీసం పదిమందికి 3500 పెద్ద లెక్క కాదు, వాళ్లందరికీ నేనే చెప్పబోతున్నాను. తడి నేల మీద పరిచి పడుకున్నా కింది చల్లదనం పైకి రాదు, వానలో నెత్తి మీంచి మడిచి కప్పుకుంటే చాలాసేపు నీళ్లు దిగవు. బాపు కప్పుకునేది పాతికేళ్ల కిందటిదట. చిల్లు ఒక్కటే ఉంది, అదీ చుట్ట నిప్పు పడి.

అవ్వ దాచిన బొచ్చుతోనే నాకూ ఒకటి నేయమని 1000 బయానా (అడ్వాన్సు) ఇచ్చాను, వడికినందుకు అవ్వకు విడిగా. ఆమె తీసుకోనని మొండికేస్తే అక్కతో ఫోన్లో చెప్పించాను.

తిరుగు దారి ధర్మాబాద్ మీదుగా, గోదావరి దాటి. బాభ్లీ ఆనకట్ట ఈ పక్కనే. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా దీని గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీల నీళ్లు కిందికి వదలాలి. మన వైపు ఈ పేరు చెబితే రెండు రాష్ట్రాల నీళ్ల తగాదా గుర్తొస్తుంది. ఇక్కడి గొర్రెలవాళ్లకు మాత్రం ఎండాకాలం ఏ రేవులో నీళ్లు నిలుస్తాయి, ఏ రేవు బురదవుతుంది అన్నదే లెక్క.

ధర్మాబాద్ అంటే మిర్చి. ఆటో దిగగానే గొంతులో గరగర, ముక్కుకు కొంగు అడ్డం. అడితీ షాపుల ముందు ఎర్రటి కుప్పలు, హమాలీల మొహాలకు కట్టిన గుడ్డలు కూడా ఎరుపే. స్టేషన్ దగ్గర హోటల్లో చాయ్ 10, మిర్చిబజ్జీ ప్లేటు 30, అడిగిన మనిషి తెలుగులోనే అడిగాడు. కిలో కారం కొన్నాను. రైలెక్కితే తర్వాతి స్టేషన్ బాసర.

నేసే ఆయన ఇచ్చిన గడువు మిరుగు (మృగశిర కార్తె). జూన్ మొదటివారంలో మిరుగు వానకు ముందే అందించాలని మాట తీసుకున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఆయన విత్తనాల పనిలో పడతాడు, పడుగు ఆరదు. కత్తెర చూడాలనుకునేవాళ్లు మళ్లీ దసరా ముందు వెళ్లవచ్చు. తేదీ ఉండదు, వాన తెరిపి ఇచ్చాక బాపు చూసి చెబుతాడు. వెళ్లేటప్పుడు మిఠాయి పెట్టె కాకుండా రెండు మంచి సానరాళ్లు తీసుకెళ్లండి. అక్కడ దొరికేవి త్వరగా అరిగిపోతున్నాయని కత్తెర ఆయన అన్నాడు, నేను ఈసారి అవే తీసుకెళ్తున్నాను.